విడాకులు, పిల్లల కస్టడీ, గృహహింస: మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ముందు ఒక మాట. నేను లాయర్ని కాను. మా అక్క కేసు కోసం నాలుగేళ్లపాటు ప్రతి వాయిదాకీ ఫ్యామిలీ కోర్టుకి వెళ్లాను, ఆ తర్వాత మా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరాను. వచ్చినవాళ్లలో చాలామంది కూర్చోగానే "విడాకులు ఎలా తీసుకోవాలి" అనో, "విడాకులు ఇవ్వకుండా ఉండాలంటే ఏం చేయాలి" అనో అడుగుతారు. కానీ అంతకంటే ముందు చూసుకోవాల్సినవి ఉంటాయి. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు, పిల్లల స్కూలు ఫీజు ఎవరు కడతారు, కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి? వీటికి చట్టంలో విడిగా దారులున్నాయి, వాటికోసం కాపురం ఉందో పోయిందో ముందే తేల్చుకోనక్కర్లేదు. అందుకే ఈ పేజీలో విడాకుల సంగతి మధ్యలో వస్తుంది, మొదట్లో రాదు.

కొడుతున్నాడు, కానీ నాకు విడాకులు వద్దు. కేసు పెడితే కాపురం పోయినట్టేనా?

కాదు. కోర్టుల్లో అందరూ డీవీసీ అనే 2005 నాటి గృహహింస చట్టం విడాకుల చట్టం కాదు. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లో ఉంది. కొట్టకూడదు, బెదిరించకూడదు, మీ ఆఫీసుకో పుట్టింటికో వచ్చి గొడవ చేయకూడదు అని మెజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఇంట్లోంచి గెంటకూడదని, ఖర్చులకు డబ్బు ఇవ్వాలని, పిల్లలు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉండాలని, పడిన బాధకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పొచ్చు. ఇవన్నీ ఒకే పిటిషన్‌లో అడగొచ్చు, భార్యగా ఉంటూనే, అదే ఇంట్లో ఉంటూనే. రక్షణ ఉత్తర్వు వచ్చాక కూడా అతను మారకపోతే అది నేరం, ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. కోర్టు నోటీసు ఇంటికి రాగానే కొందరు మగవాళ్లు చేయి దించుతారు, కొందరు ఇంకా రెచ్చిపోతారు. నోటీసు అందే రోజుల్లో మీరెక్కడ ఉండాలో, తలుపు కొడితే ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకుని పెట్టుకోండి.

చేయి చేసుకోడు, మాటలతోనే చంపుతాడు. అది కూడా గృహహింసేనా?

అవును. శరీరాన్ని గాయపరచడం, తిట్లు, అవమానాలు, లైంగికంగా హింసించడం, డబ్బు దగ్గర కట్టడి చేయడం, ఈ నాలుగూ చట్టంలో ఉన్నాయి. మీ జీతం పడే ఏటీఎం కార్డు అత్తగారి దగ్గర ఉండటం, పాలకీ కూరగాయలకీ పదీ ఇరవై లెక్కగట్టి ఇవ్వడం, మీ పుస్తెలతాడు మీకు చెప్పకుండా తాకట్టు పెట్టడం, ఆడపిల్ల పుట్టిందని రోజూ దెప్పడం, అన్నీ దీని కిందికే వస్తాయి. "కొడితే కదా చెప్పుకోవడానికి" అని ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉండిపోయినవాళ్లని ఎంతమందినో చూశాను. పిటిషన్ రాసేటప్పుడు మాత్రం "మానసికంగా హింసించాడు" అని ఒక్క ముక్క రాస్తే పని జరగదు, ఏ రోజు, ఎవరి ముందు, ఏమన్నాడో రాయాలి. పాత సంగతులు చెప్పడానికి గడువు దాటిపోయిందేమో అని భయపడొద్దు, ఈ చట్టం కింద పిటిషన్ వేయడానికి ఆ గడువు అడ్డు కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందు ఎక్కడికి వెళ్లాలి?

ఇప్పుడే ప్రమాదం ఉంటే 112. మహిళల హెల్ప్‌లైన్ 181, ఏ వేళైనా చేయొచ్చు. దెబ్బలుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, ఎలా తగిలాయో డాక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "మెట్ల మీంచి జారిపడ్డాను" అని చెబితే కాగితంలో అదే పడుతుంది, ఆరు నెలల తర్వాత కోర్టులో అవతలి లాయరు ఆ కాగితమే చూపిస్తాడు.

ఆ తర్వాత సఖి కేంద్రం. వన్ స్టాప్ సెంటర్లు అనేవి ఇవే, తెలంగాణలో సఖి పేరుతోనే జనానికి తెలుసు. అక్కడ కొద్దిరోజులు ఉండటానికి చోటు, కౌన్సెలింగు, పోలీసు సాయం, లాయరు సాయం ఒకేచోట దొరుకుతాయి. మహిళా శిశు సంక్షేమ శాఖలో ప్రొటెక్షన్ ఆఫీసరు ఉంటారు, ఎవరో తెలియకపోతే మీ అంగన్‌వాడీ టీచరుని అడగండి. ఆ ఆఫీసరు జరిగిందంతా ఒక రిపోర్టుగా రాసి మెజిస్ట్రేటుకి పంపుతారు. ఆ రిపోర్టు లేకుండా మీరు నేరుగా కోర్టులో పిటిషన్ వేసుకున్నా చెల్లుతుంది. మీరిప్పుడు తలదాచుకున్న ఊరి కోర్టులోనే వేయొచ్చు, అత్తగారి ఊరికి పోనక్కర్లేదు.

స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకుండా "ఇంటికెళ్లి సర్దుకుపో అమ్మా" అని పంపేశారని చాలామంది చెబుతారు. మా అక్కకీ ఒక స్టేషన్లో మూడుసార్లు అదే మాట చెప్పారు. భార్యాభర్తల గొడవల్లో ఎఫ్‌ఐఆర్‌కి ముందు కొంత విచారణ చేయడానికి పోలీసులకు వీలుంది, కౌన్సెలింగుకి పిలవడంలో తప్పు లేదు. కానీ రాజీ కాగితం మీద సంతకం చేసి తీరాలని ఎక్కడా లేదు. ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితాన్ని ఎస్పీకి లేదా కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

ఇల్లు మామగారి పేరున ఉంది. నన్ను బయటికి పంపే హక్కు వాళ్లకి ఉందా?

కోర్టు ఉత్తర్వు లేకుండా, సామాను వాకిట్లో పడేసి గెంటే హక్కు ఎవరికీ లేదు. మీరు కాపురం చేసిన ఇల్లు భర్త పేరున లేకపోయినా, అత్తమామల పేరున ఉన్నా, అందులో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది ఉండే హక్కే, ఇంట్లో వాటా కాదు. చాలామంది ఈ రెంటినీ కలిపేసుకుని తర్వాత నిరాశపడతారు. భర్తని ఇల్లు ఖాళీ చేయమని కోర్టు చెప్పొచ్చు కానీ అత్తగారిని, ఆడపడుచుని, అంటే ఆడవాళ్లని ఇంట్లోంచి పొమ్మని ఈ చట్టం కింద చెప్పలేదు. ఒకే కప్పు కింద ఉండటం కుదరదనిపిస్తే అదే స్థాయి ఇల్లు వేరే అద్దెకి చూపించమని, ఆ అద్దె కట్టమని భర్తని ఆదేశించొచ్చు. ఆచరణలో ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే.

బయటికి వచ్చేయాలనుకుంటున్నాను. ఏం తీసుకెళ్లాలి?

ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, స్కూలు కాగితాలు, టీకాల కార్డు, పాస్‌పోర్టులు. పెళ్లి శుభలేఖ ఒకటి, ఇద్దరూ కనిపించే పెళ్లి ఫొటో ఒకటి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే అదీ. బంగారం బిల్లులు. భర్త జీతం స్లిప్పు, ఇంటి పన్ను రసీదు, బండి ఆర్‌సీ ఫొటోలు. ఒరిజినల్స్ తీసుకోలేకపోతే ఫోన్లో ఫొటోలు తీసి, మీరు నమ్మే మనిషికి పంపేసి, మీ ఫోన్లోంచి తీసేయండి.

ఒకామె మా దగ్గరికి గోడ క్యాలెండరు చుట్టి తెచ్చింది. పాల లెక్క రాసుకునే క్యాలెండరే. ఒక్కో తేదీ గడిలో అర లీటరు, లీటరు అని ఉంది, కొన్ని గడుల్లో మూలన పెన్నుతో చిన్న చుక్క ఉంది. ఆ చుక్కలు దెబ్బలు తిన్న రోజులు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాకుండా పదకొండు నెలలు అలా పెట్టుకుంది. ఒక్కో చుక్క చూపిస్తూ ఆ రోజు ఏం జరిగిందో గుర్తుచేసుకుని చెప్పింది, లాయరమ్మ పక్కన కూర్చుని రాసుకున్నారు. నేను చూసిన పిటిషన్లలో తేదీలు అంత కచ్చితంగా ఉన్నది అదొక్కటే. మీకూ వీలైతే ఏదో ఒక రూపంలో రాసి పెట్టుకోండి.

498ఏ పెట్టాలా, డీవీసీ వేయాలా?

రెండూ వేరు. డీవీసీలో మీకు కావాల్సినవి అడుగుతారు. భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింస మీద పాత ఐపీసీలో ఉన్న సెక్షను 498ఏ, అందులో వాళ్లకి శిక్ష అడుగుతారు. 2024 జులై 1 నుంచి 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి, శిక్ష మూడేళ్ల వరకు జైలు, జరిమానా. జనం నోట్లో మాత్రం ఇంకా 498ఏ అనే ఉంది. రెండూ కలిపి కూడా పెట్టొచ్చు. పుట్టింటికి వచ్చేసినా ఆ ఊరి స్టేషన్లోనే ఈ కేసు పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

కేసు పెట్టగానే అందరినీ తీసుకెళ్లి లోపల వేస్తారని అనుకోవద్దు. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు వచ్చాక అవసరం లేకుండా అరెస్టు చేయకూడదు, ముందు నోటీసు ఇచ్చి పిలవాలి.

ఇంకో మాట మనసారా చెబుతున్నాను. ఫిర్యాదులో హింసించినవాళ్ల పేర్లే రాయండి. బెంగళూరులో ఉండే ఆడపడుచు భర్త పేరు, పెళ్లికి తప్ప ఇంటికి రాని పెదమామగారి పేరు రాయమని పక్కన ఎవరో సలహా ఇస్తారు. అలా ఎవరేం చేశారో చెప్పకుండా కుటుంబం మొత్తాన్ని లాగారని 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసుని సుప్రీంకోర్టు కొట్టేసింది. నిజంగా దెబ్బలు తిన్న మనిషి కేసు కూడా ఈ అదనపు పేర్ల వల్ల బలహీనపడుతుంది.

నా బంగారం, కట్నం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం సంగతేంటి?

పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, బంధువులు మీకు పెట్టిన నగలు, వెండి, చీరలు, సారె సామాను మీ స్త్రీధనం. అత్తగారి లాకర్లో ఉన్నా మీదే, ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం కిందికి వస్తుందని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పసుపు కుంకుమ కింద మీ పేరున రాసిచ్చిన పొలం కూడా మీదే, ముందు దాని కాగితం రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి, ఎందుకంటే చాలా ఊళ్లలో నోటిమాటే ఉంటుంది. కట్నం తీసుకోవడం నేరమే అయినా, ఇచ్చిన కట్నం మూడు నెలల్లోపు పెళ్లికూతురికి చేరాలని 1961 నాటి కట్న నిషేధ చట్టమే అంటుంది. నగల జాబితా గుర్తున్నంతవరకు తులాలతో సహా రాయండి, పెళ్లి వీడియోలో మెడలో, చేతికి ఏమున్నాయో ఆపి ఆపి చూసి రాసుకోవచ్చు. మా అక్క వడ్డాణం అలాగే దొరికింది, తలంబ్రాలప్పటి ఫొటోలో.

మనోవర్తి ఎంత వస్తుంది? ఎన్నాళ్లకి వస్తుంది?

ఇంతే అని లెక్క లేదు. భర్త నికర జీతంలో 25 శాతం సబబే అని 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది, లాయర్లు ఆ మాట ఎక్కువగా ఎత్తుతారు, కానీ అది అందరికీ వర్తించే రూలు కాదు. మీరెలా బతికారు, పిల్లలెంతమంది, అతని ఆదాయం ఎంత, అతని మీద ఆధారపడ్డ ముసలి తల్లిదండ్రులున్నారా, ఇవన్నీ జడ్జి చూస్తారు.

ముఖ్యమైన దారులు మూడు. గృహహింస చట్టం ఒకటి. పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 125వ సెక్షను రెండోది, ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 144. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్లు మూడోది. ఒకచోట వస్తున్న డబ్బు రెండోచోట చెప్పి తీరాలి, దాచిపెడితే మీ మాట మీద నమ్మకం పోతుంది. 2020 నవంబరులో వచ్చిన రజనీష్ వర్సెస్ నేహా తీర్పు ఈ విషయంలో చాలా మేలు చేసింది. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఖర్చులు ప్రమాణపత్రంలో రాసివ్వాలి, మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలి అని ఆ తీర్పు చెప్పింది. అందుకే కేసు ఏళ్లు నడిచినా ముందు వేయడం మంచిది. "కొన్నాళ్లు చూద్దాం" అని ఆగిన నెలల డబ్బు తిరిగి రాదు.

మధ్యంతర మనోవర్తి నోటీసు అందాక 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. నిజంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, వాయిదాలు, అతను కౌంటర్ (జవాబు) వేయకపోవడం, జడ్జి బదిలీ అవడం అన్నీ ఉంటాయి. మనసు అందుకు సిద్ధంగా ఉంచుకోండి.

ఆదాయం దాచేవాళ్లు ఎక్కువ. "ప్రైవేటు ఉద్యోగం, పదిహేను వేలు" అని ప్రమాణపత్రంలో రాసినాయన కొత్తింటి గృహప్రవేశం శుభలేఖని ఆయన భార్య తీసుకొచ్చి లాయరుకిచ్చింది. మూడంతస్తుల ఇంటి ఫొటో కార్డు మీదే అచ్చేసి ఉంది.

ఉత్తర్వు వచ్చాక కూడా కట్టకపోతే బాకీ కోసం ఏడాదిలోపు పిటిషన్ వేయాలి, ఇది మర్చిపోవద్దు. ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు వేయొచ్చు. జైల్లో ఉన్నంత మాత్రాన బాకీ తీరిపోదు, బయటికొచ్చాక కూడా కట్టాల్సిందే.

నేను ఉద్యోగం చేస్తున్నాను. అయినా అడగొచ్చా?

అడగొచ్చు. ఉద్యోగం ఉందన్న ఒక్క కారణంతో కాదనరు, ఆ జీతం సరిపోతుందా లేదా అని చూస్తారు. పిల్లల ఖర్చు మాత్రం మీకెంత జీతమున్నా తండ్రి కూడా భరించాలి.

పెద్ద మనుషుల ముందు స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకున్నాం. చెల్లుతాయా?

మాకు వచ్చే ప్రశ్నల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే అడిగేసరికి చాలాసార్లు రెండో పెళ్లి కూడా అయిపోయి ఉంటుంది.

వంద రూపాయల స్టాంపు పేపరు, ఇద్దరి సంతకాలు, కింద ఊరి పెద్దల సంతకాలు, ఒక్కోసారి నోటరీ ముద్ర. చూడటానికి కోర్టు కాగితంలాగే ఉంటుంది. కానీ అది విడాకులు కాదు. హిందువులకి విడాకులు కోర్టు డిక్రీతోనే వస్తాయి. ఒక్క మినహాయింపు ఉంది, కులాచారం ప్రకారం ఎప్పటినుంచో విడాకులిచ్చే పద్ధతి ఉంటే హిందూ వివాహ చట్టం 29వ సెక్షను దాన్ని కాపాడింది. కాకపోతే ఆ ఆచారం నిజంగా ఉందని, పాతదని, ఆగకుండా నడుస్తోందని కోర్టులో రుజువు చేయాలి. "మా వాళ్లలో ఇలాగే చేస్తారు" అంటే చాలదు. రుజువు కాకపోతే మొదటి పెళ్లి అలాగే ఉన్నట్టు, రెండో పెళ్లి చెల్లనట్టు, పైగా ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం కూడా.

ఇలా ఇరుక్కున్న ఆడవాళ్లకి 2025 జనవరిలో కొంత ఊరట దొరికింది. తెలంగాణకి చెందిన ఒకామె మొదటి భర్తతో ఒప్పంద పత్రం మీదే విడిపోయి రెండో పెళ్లి చేసుకుంది, ఆ పెళ్లి గురించి తెలిసే చేసుకున్న రెండో భర్త తర్వాత మనోవర్తి ఎగ్గొట్టడానికి "ఆమె నా చట్టబద్ధమైన భార్య కాదు" అన్నాడు. ఆమెకి మనోవర్తి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ ఒక్క మాట కోసం ఆమె సుప్రీంకోర్టుదాకా పోవాల్సి వచ్చింది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నప్పుడు ఆ ఒప్పుకున్నదే కోర్టులో మ్యూచువల్‌గా వేసుకుంటే ఈ బాధే ఉండదు.

మ్యూచువల్ విడాకులకి ఎంతకాలం?

విడిగా ఉండటం మొదలుపెట్టి ఏడాది అయ్యుండాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి రెండోసారి హాజరై మళ్లీ ఒప్పుకోవాలి, మొదటి పిటిషన్ నుంచి 18 నెలలు దాటకూడదు. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, ఏడాదిన్నరకి పైగా విడిగా ఉండి, డబ్బు, పిల్లల సంగతి అన్నీ తేలిపోతే మాఫీ అడగొచ్చు.

డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. కాబట్టి మొత్తం డబ్బు ముందే ఇచ్చేయడం, డబ్బు రాకుండా కేసులన్నీ వాపసు తీసుకోవడం, రెండూ ప్రమాదమే. ఎంత, ఎప్పుడు, డీడీ రూపంలోనా, బంగారం ఎప్పుడు ఇస్తారు, పిల్లల ఫీజులు ఎవరివి, అన్నీ పిటిషన్లోనే రాయించండి. చివరి విడత డీడీ రెండో హాజరు రోజు జడ్జి ముందు చేతులు మారేలా పెట్టుకోవడం మంచి పద్ధతి.

అవతలివాళ్లు ఒప్పుకోకపోతే?

అప్పుడు కారణం చూపించి రుజువు చేయాలి. క్రూరత్వం, రెండేళ్లుగా వదిలేసి ఉండటం, వివాహేతర సంబంధం, మతం మారడం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం వంటివి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్లో ఉన్నాయి. పెళ్లయిన ఏడాదిలోపు మామూలుగా వేయకూడదు. "మా ఇద్దరికీ పడట్లేదు" అన్నది ఫ్యామిలీ కోర్టు దగ్గర కారణం కాదు. ఇక అతకదని తేలిన పెళ్లిని రాజ్యాంగం 142వ అధికరణం కింద రద్దు చేసే అధికారం సుప్రీంకోర్టుదే, 2023లో రాజ్యాంగ ధర్మాసనం అదే చెప్పింది.

నన్ను కాపురానికి రమ్మని కేసు వేశాడు. వెళ్లకపోతే పోలీసులు తీసుకెళ్తారా?

తీసుకెళ్లరు. అది హిందూ వివాహ చట్టం 9వ సెక్షను కేసు. దీని వెనక మన హైకోర్టు చరిత్ర ఉంది. తన శరీరం మీద, మనసు మీద భార్యకున్న హక్కుకి ఇది విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్‌ని కొట్టేశారు. మరుసటి ఏడాదే వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదంది, సెక్షను నిలిచింది. నిలిచినా చేయి పట్టి లాక్కెళ్లే ఉత్తర్వు కాదది. డిక్రీ వచ్చి ఏడాదైనా కలిసి ఉండకపోతే దాని మీద ఎవరైనా విడాకులు అడగొచ్చు. అందుకే నోటీసు వస్తే పక్కన పడేయకండి, వెళ్లి మీరెందుకు రాలేకపోతున్నారో కౌంటర్లో చెప్పండి. సరైన కారణం ఉంటే ఆ డిక్రీ పాటించకపోయినా మనోవర్తి పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

పిల్లలు ఎవరికి?

అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే. ఆపైన ఎవరికీ ముందుగా రాసిపెట్టి లేదు, పిల్లల మేలు ఎక్కడ ఉంటే అక్కడ. తండ్రి దగ్గర డబ్బుందని తండ్రికీ, తల్లి కాబట్టి తల్లికీ ఇచ్చేయరు. ఇన్నాళ్లూ ఎవరు అన్నం తినిపించారు, హోంవర్కు ఎవరు చేయించారు, జ్వరం వస్తే ఎవరు మేలుకున్నారు, స్కూలు మారాల్సి వస్తుందా, అన్నదమ్ములు విడిపోతారా అని చూస్తారు. మీకు ఉద్యోగం లేకపోయినా భయపడొద్దు, ఆ లోటు మనోవర్తి తీరుస్తుంది. మీకు ఉద్యోగం ఉన్నా భయపడొద్దు, అది తప్పు కాదు.

కాస్త పెద్ద పిల్లలైతే జడ్జి ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడతారు. ముందు రోజు రాత్రి ఏం చెప్పాలో నేర్పి పంపే తల్లిదండ్రులు ఇరుపక్కలా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. నేర్పిన మాట పిల్లల నోట్లోంచి వస్తుంటే ఎవరికైనా తెలిసిపోతుంది, పైగా ఆ బరువు ఆ బిడ్డ ఎన్నేళ్లు మోస్తుందో చెప్పలేం.

కస్టడీ ఉత్తర్వు శిలాశాసనం కాదు, పరిస్థితులు మారితే మార్చమని అడగొచ్చు. కస్టడీ రానివాళ్లకి పిల్లల్ని చూసే హక్కు, వీడియో కాల్లో మాట్లాడే హక్కు, సెలవుల్లో తీసుకెళ్లే హక్కు ఉంటాయి.

అతను మనోవర్తి కట్టట్లేదు. పిల్లాడిని చూపించడం ఆపేయొచ్చా?

వద్దు. రెండూ వేర్వేరు ఉత్తర్వులు. కట్టనందుకు అతని మీద విడిగా పిటిషన్ వేయండి. చూపించడం ఆపితే తప్పు మీ వైపు వస్తుంది.

మా కోర్టులో రెండో శనివారం పిల్లల్ని చూపించే గదిలో నేను చాలాసార్లు కూర్చున్నాను. ఒక తండ్రి ప్రతిసారీ డబ్బాలో జంతికలు తెచ్చేవాడు. మొదటి రెండుసార్లు ఆ పాప అమ్మ కొంగు వదల్లేదు. మూడోసారి అమ్మే డబ్బా మూత తీసి, పాప చేతికి ఒక జంతిక ఇచ్చి, "నాన్నకివ్వు" అంది. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, కేసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. పాప మాత్రం ఆ రోజు నుంచి గదిలోకి పరిగెత్తుకుంటూ వస్తుంది.

కానీ తండ్రి వల్లే పిల్లకి ప్రమాదం ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఆధారాలతో వెంటనే కోర్టుకి చెప్పి, కలవడం ఆపమనో ఎవరైనా దగ్గరుండగానే కలిపించమనో అడగాలి. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది.

పిల్లని స్కూలు నుంచే తీసుకెళ్లిపోయాడు. కిడ్నాప్ కేసు పెట్టొచ్చా?

తండ్రి కూడా సహజ సంరక్షకుడే కాబట్టి పోలీసులు చాలాసార్లు కిడ్నాప్‌గా తీసుకోరు. అయినా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కస్టడీ పిటిషన్‌తోపాటు మధ్యంతర కస్టడీ అడగండి, మరీ చంటిబిడ్డ అయితే, లేదా కోర్టు ఉత్తర్వుకి విరుద్ధంగా తీసుకెళ్లి ఉంటే, హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్) గురించి లాయరుని అడగండి. ఆలస్యం చేయొద్దు, నెలలు గడిచేకొద్దీ "పిల్ల ఇక్కడే అలవాటు పడింది" అనే వాదన బలపడుతుంది.

అమెరికాలో ఉన్న భర్త అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. నేను ఇక్కడ ఏమవుతాను?

ఇక్కడి చట్టం లెక్కలో మీరు ఇంకా భార్యే కావచ్చు. తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంట కేసు ఇది. భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తీసుకుని, యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కారణంతోనే విడాకులు ఇచ్చి ఉండాలి, భార్య తనంతట తాను ఆ కోర్టుకి లోబడి ఉండాలి, ఇది ఈనాటికీ నిలిచిన సూత్రం. ఇద్దరూ ఒప్పుకుని తీసుకుంటే చెల్లుతుంది. కాబట్టి అక్కడి నుంచి ఈమెయిల్లో కాగితాలు వస్తే లాయరుకి చూపించకుండా సంతకం చేయొద్దు, జవాబూ ఇవ్వొద్దు. అలాగని పట్టించుకోకుండా వదిలేయొద్దు.

పిల్లల్ని తీసుకుని ఇండియా వచ్చేసినవాళ్లకి ఒక మాట. పిల్లల తరలింపు మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు. అక్కడి కోర్టు వెనక్కి పంపమన్నా ఇక్కడి కోర్టు పిల్లల మేలునే ముందు చూస్తుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడ మీ మీద క్రిమినల్ కేసు పడొచ్చు, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టడం కష్టం కావచ్చు. విమానం ఎక్కకముందే అక్కడి లాయరుతో ఒకసారి మాట్లాడండి. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై కేసులకి విడిగా సెల్ ఉంది.

మేం ముస్లింలం, మాకు ఇవి వర్తిస్తాయా? క్రైస్తవులకి?

గృహహింస చట్టం అన్ని మతాలవారికీ. మనోవర్తి కూడా. విడాకులైన ముస్లిం మహిళ 125 సీఆర్‌పీసీ కింద మనోవర్తి అడగొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పిన కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే. మూడుసార్లు తలాక్ అనేస్తే చెల్లదు, 2019 చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు. ఖులా, అంటే భార్య అడిగి తీసుకునే విడాకులు, కోరే హక్కు భార్యదని, దానికి ముఫ్తీ ఇచ్చే కాగితం అవసరం లేదని తెలంగాణ హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టం ఉంది, మ్యూచువల్‌కి అందులో రెండేళ్లు విడిగా ఉండాలని రాసి ఉంది. రిజిస్టర్ మ్యారేజీ చేసుకున్న మతాంతర జంటలకి 1954 ప్రత్యేక వివాహ చట్టం.

మగవాళ్లం హింస పడుతున్నాం. మాకేం లేదా?

డీవీసీ ఆడవాళ్లే వేయగలరు. మీ అమ్మగారు కోడలి వల్ల హింస పడుతుంటే ఆవిడ వేయొచ్చు, 2016 నుంచి ఆడవాళ్ల మీద కూడా వేయడానికి అడ్డు లేదు. మీరు క్రూరత్వం కారణంగా విడాకులు అడగొచ్చు. హైదరాబాద్ జంట విషయంలో 2013లో వచ్చిన తీర్పులో, అబద్ధపు ఫిర్యాదులు పెట్టడం మానసిక క్రూరత్వమేనని సుప్రీంకోర్టు చెప్పింది. కేసు నడుస్తుండగా ఆదాయం లేని భర్త కూడా 24వ సెక్షను కింద ఖర్చులు అడగొచ్చు. కేసు వస్తే పారిపోవద్దు, నోటీసుకి హాజరు కండి. ఎక్స్ పార్టీ అయిపోయి, అంటే తాము లేకుండానే తీర్పు వచ్చేసి, రెండేళ్ల బాకీ మీద వారంట్ వచ్చాక పరిగెత్తుకొచ్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఫోన్ రికార్డింగులు, వాట్సాప్ మెసేజీలు పనికొస్తాయా?

వస్తాయి. భార్యాభర్తల మధ్య రహస్యంగా చేసిన రికార్డింగుని విడాకుల కేసులో చూడొచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒరిజినల్ రికార్డింగు ఉన్న ఫోను అమ్మేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టులో వేసేటప్పుడు సాక్ష్య చట్టం ప్రకారం ఒక సర్టిఫికెట్ జతచేయాలి, లాయరు రాసిస్తారు.

లాయరుకి ఇవ్వడానికి డబ్బు లేదు.

ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టంలో ఉంది. జీతం ఉన్న మహిళకి కూడా. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, తెల్ల కాగితం మీద అర్జీ రాసిస్తే చాలు, రాయడం రాకపోతే మేం రాస్తాం. ఫోను 15100. ఇచ్చిన లాయరు సరిగా చూడట్లేదనిపిస్తే మార్చమని అడగొచ్చు, మొహమాటపడొద్దు.

డిక్రీ వచ్చింది. మళ్లీ పెళ్లి ఎప్పుడు చేసుకోవచ్చు?

అప్పీలు గడువు ముగిసేదాకా ఆగాలి. హిందూ వివాహ చట్టంలో అది 90 రోజులు. అవతలివాళ్లు అప్పీలు వేశారో లేదో లాయరు చేత కనుక్కోండి, వేసి ఉంటే అది తేలేదాకా ఆగాలి. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు ఒకేసారి తీసుకోండి. పాస్‌పోర్టుకి, రేషన్ కార్డులో పేరు మార్పుకి, నామినీ మార్పుకి అడుగుతూనే ఉంటారు. మా అక్క ఒకటే తీసుకుంది. మూడేళ్ల తర్వాత పిల్లాడి పాస్‌పోర్టుకి కావాల్సి వచ్చి మళ్లీ కాపీయింగు సెక్షన్లో దరఖాస్తు పెట్టుకుని, నాలుగుసార్లు తిరిగి తెచ్చుకుంది.